పళ్ళికరణై నీటిలో వైరస్‌లను చంపమని అడగకండి, మురుగును ఆపమని అడగండి

చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి అంచున కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా పోయిన వారం అర్జీ మీద సంతకాలు చేసినవారికి, నమస్కారం.

ఆ అర్జీ మా ఇంటికీ వచ్చింది. ఒకవైపు తెలుగు, మరోవైపు తమిళం అచ్చువేసిన కాగితం. సంఘం తరఫున తెచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు ఎండలో నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చారు. అందులో మూడు కోరికలు ఉన్నాయి. చిత్తడి నీటిలో బ్లీచింగ్ పౌడర్ చల్లించి వైరస్‌లన్నిటినీ నిర్మూలించాలి. వలస పక్షులు ఇక్కడ దిగకుండా టపాకాయలు కాల్చి తోలేయాలి. ఇళ్ళవైపు గట్టున పెరిగిన జమ్మును, తుంగను కోసి నేల చదును చేయాలి. నేను సంతకం పెట్టలేదు. ‘మీరు సూక్ష్మజీవుల పాఠాలు చెప్పినవారు కదమ్మా, మీరే ముందు పెట్టాలి’ అన్నాడు వారిలో ఒకడు. అతడికి మంచినీళ్ళు ఇచ్చి పంపించాను గానీ జవాబు ఇవ్వలేకపోయాను. గుమ్మం దగ్గర నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదది. ఇప్పుడు రాస్తున్నాను.

మీ భయం నాకు తెలియనిది కాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు చనిపోయి బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు మన అందరి ఇళ్ళలోనూ ఫోన్లు మోగాయి. సొంత ఊళ్ళ వార్తలు కదా. మరునాడు పొద్దున బాల్కనీలోకి వచ్చి చూస్తే ఎదురుగా నీళ్ళలో వందల గూడబాతులు, రాజహంసలు. వాటిని చూసి గుండె జారినవారిని తప్పుపట్టను. చంటిబిడ్డల తల్లులను అసలే తప్పుపట్టను. కానీ ఆ కాగితం అడుగుతున్నది జరిగితే ఆ బిడ్డలకే ఎక్కువ ముప్పు అని నా నమ్మకం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిగా ఈ మాట గట్టిగానే అంటున్నాను.

ముందు లెక్క చూద్దాం. 1989లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సముద్రం నీటినీ చెరువు నీటినీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి, ఒక్క మిల్లీలీటరులో 25 కోట్ల దాకా వైరస్ కణాలు ఉండవచ్చని చెప్పారు. అంతకుముందు ఎవరూ అంత ఊహించలేదు. ఆ తర్వాత ఎక్కడెక్కడో లెక్కపెట్టారు. మామూలు చెరువు నీటిలో మిల్లీలీటరుకు సుమారు కోటి, పోషకాలు ఎక్కువైన చోట అంతకు పది రెట్లు ఉండడం సాధారణమని తేలింది. అడుగున ఉన్న బురదలో ఇంకా ఎక్కువ. మీరు రోజూ పంచదార వేసుకునే చిన్న చెంచాతో చిత్తడి నీళ్ళు తీస్తే అందులో వచ్చే వైరస్‌లు ఈ మహానగరం జనాభాకు కొన్ని రెట్లు ఉంటాయి. ఈ నీళ్ళు నిన్న మొన్న పాడై ఇలా అయ్యాయనుకోకండి. మన తాతలు నీళ్ళు తాగిన ఊరి చెరువులోనూ ఇంతే ఉండేవి. నీళ్ళు ఉన్నంతకాలం ఉంటాయి.

అవన్నీ మనకోసం కాచుకుని కూర్చున్నవి కావు. వాటిలో అత్యధికం బాక్టీరియాను మాత్రమే పట్టేవి. వాటిని బాక్టీరియోఫేజ్‌లు, పొట్టిగా ఫేజ్‌లు అంటారు. 1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ ఎవరికి వారు వీటిని గుర్తించారు. అంతకు చాలా ముందే, 1896లో, ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ గంగ, యమున నీళ్ళలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయనీ, ఆ నీళ్ళను మరిగిస్తే ఆ గుణం పోతోందనీ రాశాడు. అది ఫేజ్‌ల పని అయి ఉంటుందని తర్వాతివారు అన్నారు.

కంటికి కనబడనివాటి గురించి ఎంత చెప్పినా నమ్మకం కుదరదు. అందుకే తరగతిలో నేను ప్రతి ఏడూ ఒక పని చేయించేదాన్ని. చిత్తడిలోకి పారే కాలువ నుంచి ఒక సీసా నీళ్ళు తెప్పించి, వాటిని మిల్లీమీటరులో ఐదువేలవ వంతు రంధ్రాలున్న వడపోత పొర గుండా పంపేవాళ్ళం. బాక్టీరియా పైనే ఆగిపోతుంది, వైరస్‌లు కిందికి దిగుతాయి. అద్దంలా తేటగా ఉన్న ఆ నీటిని నాలుగు చుక్కలు, మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాతో, చల్లారితే గడ్డకట్టే అగార్ అనే పదార్థాన్ని గోరువెచ్చగా, పలచగా చేసి అందులో కలిపి గాజు పళ్ళెంలో పోసి, రాత్రంతా 37 డిగ్రీల పెట్టెలో ఉంచేవాళ్ళం. పొద్దున తీసి చూస్తే పళ్ళెమంతా పాలమీగడ పరిచినట్టు బాక్టీరియా పెరిగి ఉండేది. ఆ మీగడ నిండా సూదితో పొడిచినట్టు గుండ్రటి తేట మచ్చలు. ఒక్కొక్క మచ్చా ఒక్క వైరస్‌తో మొదలైంది. అది ఒక బాక్టీరియాలో దూరి, లోపల పదులు వందలుగా పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటపడి, పక్కవాటిని పట్టుకుని, తెల్లవారేసరికి ఆవగింజంత మేర శుభ్రంగా తినేసింది. కొన్ని మచ్చలు పెద్దవి, కొన్ని చిన్నవి, కొన్నిటి చుట్టూ పలచటి వలయం. పిల్లలు అది చూసి నోరెత్తేవారు కాదు. అన్ని రకాల మచ్చలు ఎందుకున్నాయని ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. అన్ని రకాల ఫేజ్‌లు ఉన్నాయి గనుక. ఒకే బాక్టీరియాను వేసి చూస్తేనే ఇన్ని రకాలు కనబడితే, చిత్తడిలో ఉన్న వేల రకాల బాక్టీరియాకు ఎన్నెన్ని ఉంటాయో ఆలోచించమనేదాన్ని.

రకాల సంగతి నిజంగా అంతులేనిది. రోమంలో వేల వంతు కూడా లేని చిన్నవాటి నుంచి మామూలు మైక్రోస్కోపు కిందనే చుక్కలా కనబడే మహాకాయాల దాకా ఉన్నాయి. చిన్నవాటిలో ఒక వర్గానికి జపాను భాషలో ‘బహుచిన్న’ అనే అర్థం వచ్చేలా గొకుషోవైరస్‌లని పేరు పెట్టారు. పెద్దవాటి కోసం విదేశాల దాకా పోనక్కర లేదు. ముంబయిలోని పోవై సరస్సు నీటిలో ఐఐటీ బాంబే పరిశోధకులు అమీబాలను పట్టే మహా వైరస్‌ను కనుగొన్నారు. దానికి ఆ సరస్సు పేరే పెట్టారు. ఇలాంటి మహా వైరస్‌ల జన్యుపదార్థంలో పది లక్షలకు పైగా అక్షరాలు ఉంటాయి, కొన్ని బాక్టీరియాల కన్నా ఎక్కువ. నాచును పట్టేవి వేరు, జమ్ము మొక్కను పట్టేవి వేరు, తూనీగ పిల్లను పట్టేవి వేరు, చేపను పట్టేవి వేరు. ఒకదాని తాళం మరొకదానికి పట్టదు. గుప్పెడు నీటిలోని వైరస్‌ల జన్యువులను చదివితే చాలా భాగం ఇంతవరకు తెలిసిన దేనితోనూ సరిపోలవు.

వాటికి అక్కడ ఏం పని అంటారా? పేరుకుపోయినదాన్ని తగ్గించడం మొదటి పని. ఏ బాక్టీరియా, ఏ నాచు మిగతావాటిని తొక్కి విపరీతంగా పెరిగితే దాన్ని పట్టే వైరస్‌కు ఎర దగ్గరదగ్గరగా దొరుకుతుంది, దాంతో వ్యాధి వేగంగా పాకుతుంది. గుంపు పలచబడుతుంది, అణగి ఉన్నవాటికి చోటు దొరుకుతుంది. సముద్రంలో వేసిన అంచనాల ప్రకారం అక్కడి బాక్టీరియాలో దాదాపు ఐదో వంతు రోజూ వైరస్‌ల చేతిలోనే పోతోంది. పగిలిన కణంలోని నత్రజని, భాస్వరం నీళ్ళలో కలిసి మళ్ళీ ఇతర సూక్ష్మజీవులకు అన్నమవుతాయి. వైరస్‌లు కూడా కొన్నిటికి ఆహారమే. మంచినీటిలో ఈదే హాల్టేరియా అనే ఏకకణజీవి నాచు వైరస్‌లను మాత్రమే తిని బతకగలదనీ, రోజుకు పదివేల నుంచి పది లక్షల దాకా తినవచ్చనీ 2022 చివర అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారు చూపించారు. ఆ హాల్టేరియాను చిన్న నీటిపురుగు తింటుంది, పురుగును చేపపిల్ల తింటుంది, చేపను మీ బాల్కనీ ఎదుటి గూడబాతు తింటుంది.

ఇంకొక పని నాకు మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఊపిరాడని చిత్తడి బురదలో మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు ఉంటాయి. భూమిమీద ప్రకృతి సహజంగా వెలువడే మీథేన్‌కు చిత్తడి నేలలే అతిపెద్ద మూలం. స్వీడన్ ఉత్తరాన స్టోర్డాలెన్ అనే, మంచు కరిగిపోతున్న చిత్తడి నేలలో 1,907 రకాల వైరస్ జనాభాలను గుర్తించినట్టు 2018లో ప్రచురించారు. వాటిలో కొన్ని మీథేన్‌తో సంబంధమున్న సూక్ష్మజీవులను పట్టేవి. కొన్నిటి దగ్గర మొక్కల పిండిపదార్థాన్ని విడగొట్టే జన్యువులే ఉన్నాయి. అంటే బురదలో ఉన్న కర్బనం బురదలోనే ఉండాలా, గాలిలోకి పోవాలా అన్న విషయంలో వైరస్‌లకూ చేయి ఉంది. మన పళ్ళికరణై బురదలో ఏమున్నాయో ఇక్కడే తవ్వి చూడాలి. స్వీడన్ లెక్క మనకు పనికిరాదు.

ఇక బ్లీచింగ్ పౌడర్. దీని గురించి మా ఇంటి కథ ఒకటి చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లా సముద్రం వైపు పల్లె. 1994లో మా బాబాయి మూడెకరాల్లో టైగర్ రొయ్య వేశారు. అప్పటికి రెండు పంటలు బాగా వచ్చాయి. ఊరంతా వరి మడులు తవ్వి గుంటలు చేసింది. ఆ ఏడు ఒక తెల్లవారుజామున గట్టు వెంబడి రొయ్యలు నీటిపైకి వచ్చి, ఈదలేక అంచున పడి ఉన్నాయి. బాబాయి ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని టార్చిలైటు వెలుగులో చూపించారు. తల పెంకు మీద లోపలివైపు నుంచి సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. వారంలో గుంట ఖాళీ అయింది. అందరూ బస్తాలకు బస్తాలు బ్లీచింగ్ పోశారు. పోసి, చచ్చిన రొయ్యలతో సహా ఆ నీళ్ళను తూము ఎత్తి కాలువలోకి వదిలారు. అదే కాలువ నుంచి కింది రైతు ఇంజను పెట్టి తన గుంటలోకి తోడుకున్నాడు. తెల్లమచ్చ వైరస్ కోస్తా వెంట అలా పాకింది. మా పిన్ని గాజులు ఆ సంవత్సరమే పోయాయి.

వైరస్ ఒక్కటే. దాన్ని ఊరూరా తిప్పింది మాత్రం మేమే. చదరపు మీటరుకు లెక్కకు మించి రొయ్యపిల్లను వదిలాం, ఒకరి మురుగు మరొకరికి మంచినీరయ్యేలా కాలువలు పెట్టుకున్నాం, అడ్డుగా ఉన్న మడ చెట్లు కొట్టేశాం. బ్లీచింగ్ పోశామన్న ధీమాతో తూము ఎత్తడానికి వెనకాడలేదు. ఆ అర్జీ చదువుతుంటే బాబాయి అరచేతిలోని రొయ్యే నాకు కనబడింది.

గుంటలో పోస్తేనే పనిచేయని మందు వేయికి పైగా హెక్టార్ల చిత్తడిలో ఏం చేస్తుంది? బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్‌కు ఎదురుగా ఏ సేంద్రియ పదార్థం ఉంటే దానితో కలిసిపోయే గుణముంది. ఆకులు కుళ్ళిన నీరు, బురద, మురుగులోని అమ్మోనియా ముందే దాన్ని మింగేస్తాయి. మిగిలినది చేపపిల్లల మొప్పలను కాలుస్తుంది, హాల్టేరియా వంటి వైరస్ తినే జీవులను చంపుతుంది, దోమపిల్లలను తినే చేపలనూ తూనీగ పిల్లలనూ చంపుతుంది. క్లోరిన్ సేంద్రియాలతో కలిసి పుట్టే కొన్ని విషాలు నీటిలో మిగిలిపోతాయి. దోమలు మాత్రం వారంలో తిరిగి వస్తాయి, ఈసారి తినేవాళ్ళు లేకుండా. జపనీస్ మెదడువాపు వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించింది ఇక్కడికి దగ్గరలోని వెల్లూరు ప్రాంతంలోనే, 1955లో. ఆ వైరస్‌ను మనదాకా తెచ్చేది క్యూలెక్స్ దోమ. దోమను పెంచే పనికి వైరస్ నివారణ అని పేరు పెట్టి సంతకాలు చేస్తున్నాం.

పక్షుల విషయం. అడవి బాతులు, నీటిపక్షులు ఎన్నో తరాలుగా రకరకాల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను పేగుల్లో మోస్తున్నాయి. రెట్టతో నీటిలోకి, నీటితో మరో పక్షిలోకి. చాలాసార్లు వాటికి జబ్బు ఛాయలు కూడా కనబడవు. అదే వైరస్ వేలాది కోళ్ళు ఇరుక్కుని ఉన్న షెడ్లలోకి వెళ్ళి ఒక కోడి నుంచి మరో కోడికి పాకేకొద్దీ ప్రాణాంతకంగా మారవచ్చు. ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ వంశం మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు పెద్దబాతుల్లో (గీస్) దొరికింది. అక్కడి నుంచి అది తిరిగి అడవి పక్షులకు ఎక్కింది. ప్రమాదం లేదని నేను అనను. చనిపోయిన పక్షిని చేత్తో తాకకండి, పిల్లలను తాకనివ్వకండి, కుక్కను దగ్గరికి పోనివ్వకండి. కానీ టపాకాయలు కాలిస్తే ఏమవుతుంది? ఇక్కడ నీళ్ళలో దిగవలసిన పక్షి బెదిరి, అలసి, పక్క చెరువుకో, కోళ్ళ షెడ్డు దగ్గరి కుంటకో పోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, వలస జీవుల ఒడంబడిక కలిసి నడిపే శాస్త్రజ్ఞుల బృందం ఈ మాటనే ఎన్నోసార్లు చెప్పింది: అడవి పక్షులను తోలినా చంపినా, చిత్తడి నేలల్లో మందులు చల్లినా వ్యాధి ఆగదు.

మరి మనం నిజంగా భయపడవలసిన వైరస్‌లు ఏవి? పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ, ఈ. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్, నోరోవైరస్. వీటిలో ఏదీ చిత్తడిలో పుట్టింది కాదు. అన్నీ ప్రధానంగా మనుషుల మలం నుంచే నీటిలోకి వస్తాయి. 1955-56లో ఢిల్లీలో 29 వేల మందికి పైగా పచ్చకామెర్లు వచ్చాయి. యమున వరద తర్వాత నగరపు మురుగు వెనక్కి తన్ని, తాగునీరు తోడే చోటికి చేరడమే కారణం. దాచి ఉంచిన రక్త నమూనాలను చాలా ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్ ఈ అని బయటపడింది.

ఇప్పుడు మన గట్టు మీదికి వచ్చి చూడండి. ఈ చిత్తడి సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర వాననీటిని కడుపులో పెట్టుకుని, ఒక్కియం మడువు గుండా బకింగ్‌హాం కాలువకు, అక్కడి నుంచి సముద్రానికి పంపుతుంది. మడువు అంటే మన మడుగే. ఒకప్పుడు ఐదు వేల హెక్టార్లకు పైగా ఉండేదని చెబుతారు. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కినప్పుడు మిగిలింది 1,247 హెక్టార్లు. పోయిన మేరలోనే మన అపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. ఆ మాట దాచి ఈ లేఖ రాయలేను. వాననీటి కోసం కట్టిన కాలువల్లో వాన లేని మే నెలలో కూడా నల్లటి నీళ్ళు పారుతుంటే అవి ఎక్కడివి? రాత్రి పదకొండు దాటాక ట్యాంకరు లారీ ఆగి, గొట్టం దించి, పావుగంటలో ఖాళీ చేసుకుపోవడం మా వంటింటి కిటికీలోంచి ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. మన ఇళ్ళ మురుగు తొట్టి నీళ్ళు తీసుకువెళ్ళిన లారీయే అయి ఉండవచ్చు.

ఆ మురుగు మనదేనని తేల్చే సాక్షి కూడా ఒక వైరసే. మిరపను పట్టే వైరస్ ఒకటి ఉంది, ఆకు మీద లేత మచ్చలు తెస్తుంది. మనిషికి ఏ హానీ చేయదు. ఆ మిరపకాయ తిన్నప్పుడు మన కడుపులోకి వెళ్ళి, చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మనిషి మలంలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడే ఆర్‌ఎన్‌ఏ వైరస్ అదేనని, ఎండు బరువులో గ్రాముకు వంద కోట్ల దాకా ఉండవచ్చని 2006లో తెలిసింది. అందుకే ఇప్పుడు అనేక దేశాల్లో నీటిలో మనుషుల మురుగు కలిసిందా అని చూడడానికి ఈ మిరప వైరస్‌నే వెతుకుతారు. పశువుల పేడ నుంచి వచ్చిందా, మనుషుల నుంచా అని తేడా పట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. కొరివికారం లేనిదే ముద్ద దిగని మన ఇళ్ళ నుంచి పోయే నీటిలో అది దొరకకుండా ఉండదు. పేగుల్లోని బాక్టీరియాను పట్టే, 2014లో బయటపడిన క్రాస్‌ఫేజ్ కూడా ఇలాంటి సాక్షే. నేను తరగతిలో చేయించిన ఈ.కోలై మచ్చల పరీక్ష కూడా అంతే: మచ్చలు ఎంత ఎక్కువైతే మురుగు అంత దగ్గర. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మిరప వైరస్ పరీక్షకు కావలసిన యంత్రాలు కోవిడ్ తర్వాత ఈ నగరంలో చాలా ప్రయోగశాలల్లో ఉన్నాయి.

జమ్ము కోసేయమన్న కోరిక నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. ఆ జమ్ము దగ్గర నీటి వేగం తగ్గుతుంది, మురుగులోని మడ్డి, దానికి అంటుకున్న వైరస్‌లు అడుక్కి దిగుతాయి, వేళ్ళ చుట్టూ ఉన్న జిగురు పొరలోని జీవులు వాటిని తింటాయి. తేటపడిన నీటి మీద ఎండ పడి మిగిలినవాటిలో చాలా నశిస్తాయి. మన మురుగుకూ చిత్తడి నడిబొడ్డుకూ మధ్య ఉన్న జల్లెడ అదొక్కటే. పాములు వస్తున్నాయంటే దారి పక్కన రెండు మీటర్లు శుభ్రం చేయించుకుందాం, దీపాలు పెట్టించుకుందాం. గట్టు మొత్తం బోడి చేయవద్దు.

అందుకని అర్జీని చింపేయమనను, తిరగరాద్దాం అంటున్నాను. చిత్తడిలోకి మురుగు దిగే ప్రతి కాలువనూ, గొట్టాన్నీ గుర్తించి పటం వేసి, గడువు పెట్టి మూయించమని అడుగుదాం. నీళ్ళు లోపలికి వచ్చే చోట్లా, ఒక్కియం మడువు దగ్గర బయటికి పోయే చోటా నెలకొకసారి ఫేజ్‌ల పరీక్ష, మిరప వైరస్ పరీక్ష చేసి ఫలితాలు బోర్డు మీద రాయమని అడుగుదాం. చనిపోయిన పక్షి కనబడితే చెప్పడానికి ఒక ఫోను నంబరు, వచ్చి నమూనా తీసి భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపే మనుషులు కావాలని అడుగుదాం. ఈ బురదలో ఏయే వైరస్‌లు ఉన్నాయో వాన ముందూ వాన తర్వాతా చదివే పనిని నగరంలోని విశ్వవిద్యాలయాలకు అప్పగించమని చిత్తడి నేలల సంస్థను కోరదాం. మన వంతుగా, మన భవనాల మురుగు తొట్టి నీళ్ళు తీసుకువెళ్ళే లారీ ఎక్కడ ఖాళీ చేస్తోందో రసీదు చూపించనిదే డబ్బు ఇవ్వకూడదని సంఘంలో తీర్మానం చేద్దాం. ఇది రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

కొత్త అర్జీ ముసాయిదా తెలుగులో నేను రాశాను. తమిళంలోకి మా పక్కింటి అమ్మాయి మారుస్తోంది. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు గట్టు మీద, రావిచెట్టు దగ్గర ఉంటాను. ముందు రోజు పోసి ఉంచిన గాజు పళ్ళేలు కూడా తెస్తాను: ఒకటి కాలువ నీళ్ళది, మరొకటి జమ్ము అవతలి నీళ్ళది. రెండింటిలోని మచ్చలను మీరే లెక్కపెట్టండి. పిల్లలను తీసుకురండి, నాకు వాళ్ళ ప్రశ్నలంటే ఇష్టం. అర్జీ తెచ్చిన ఆ కుర్రవాళ్ళిద్దరూ తప్పక రావాలి.

ఇట్లు,
మీ పొరుగున ఉన్న ఒక పూర్వ అధ్యాపకురాలు
పళ్ళికరణై, చెన్నై